బంగారుచేప

వెయ్యేళ్లకు పూర్వమే చైనా దేశస్థులు మామూలు చెరువుచేపలలో పసిడివన్నె గలవాటిని ఏరి పెంచారు. వాటి సంతతియే నేటి బంగారుచేప. ఒరాండా తలపైని కిరీటం, బ్లాక్ మూర్ ఉబ్బెత్తు కన్నులు మానవుని ముచ్చటకు రూపాలు. ఆ ముచ్చటకు మూల్యం చెల్లించేది మాత్రం చేప. గుండ్రని దేహంతో అది చురుకుగా ఈదలేదు.

ఒక ఇంట బాలుడు కోరి తెచ్చుకున్న రెండు ఒరాండాలు వారం తిరగకముందే మరణించాయి. నీరు అద్దంలా తేటగా ఉంది. మేతకు లోటు లేదు. మరి లోపమెక్కడ?

చేప మొప్పల నుండి వెలువడే అమ్మోనియా కంటికి కనబడని విషం. మిగిలిన మేత కుళ్లినా అదే పుడుతుంది. దానిని మొదట నైట్రైటుగా, పిదప అంతగా హాని చేయని నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు వడపోత పరికరంలో స్థిరపడడానికి సాధారణంగా 4 నుండి 6 వారాలు పడుతుంది. కొత్త తొట్టిలో అవి లేవు.

మరుసారి బాలుడు తొందరపడలేదు. చేపలు లేని తొట్టిలో రోజూ చిటికెడు మేత వేస్తూ, సూక్ష్మజీవులు పెరిగేవరకు వేచి ఉన్నాడు. చేపలు వచ్చిన పిదప వారానికొకసారి నాలుగోవంతు నీటిని మార్చి, క్లోరిన్ తొలగించిన నీరు పోశాడు. మేత కొద్దికొద్దిగా వేశాడు. చేపలు బతికాయి.

పెంచే ప్రాణి అవసరం ఎరుగని ప్రేమ, ఆ ప్రాణికి ప్రమాదమే.