వెన్ను చూపే విద్య

కారంపూడిలో ఏటా కార్తిక అమావాస్యకు మొదలయ్యే వీరారాధన ఉత్సవాలు అయిదు రోజులు సాగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. పన్నెండో శతాబ్దంలో దాయాదులు కొట్టుకుని నేలకొరిగిన పల్నాటి యుద్ధాన్ని నాగులేటి ఒడ్డున ఇప్పటికీ ఘట్టం వెంట ఘట్టంగా తలుచుకుంటారు. క్షేమంగా వెనక్కి తిరిగి ఇల్లు చేరినవాడికి ఆ అయిదు రోజుల్లో ఒక పూటైనా కేటాయించలేదు. కేటాయించాలని ఎవరూ అడగరు కూడా. వీరగాథ అంటేనే తిరిగి రానివాళ్ల కథ. ఆ సీమలోనే, నరసరావుపేటలో మా వీధి కుర్రాడొకడు వెనక్కి తిరగడం ఎలాగో ఇప్పుడు పట్టుదలగా చదువుతున్నాడు. అది తనకు బాగా వచ్చని నమ్మించగలిగితేనే అతనికి ఉద్యోగం.

కమర్షియల్ పైలట్ లైసెన్సు చేతికొచ్చింది. ఒక విమాన సంస్థ కొత్తవాళ్లను తీసుకోబోతోంది. రాతపరీక్ష, చేతికీ కంటికీ పొంతన చూసే కంప్యూటర్ పరీక్ష, నలుగురినీ కూర్చోబెట్టి మాట్లాడించే పరీక్ష, సిమ్యులేటర్, చివరికి ఇంటర్వ్యూ. అందుకోసం గదిలో గోడ నిండా ఎయిర్‌బస్ ఏ320 కాక్‌పిట్ ఫ్లెక్సీ అంటించుకున్నాడు. నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు వేసే షాపులోనే వేయించాడట. దాని ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, తలెత్తి పైప్యానెల్ మీద బ్యాటరీ మీటల బొమ్మను వేలితో తాకుతాడు. "బ్యాటరీ వన్, ఆన్. బ్యాటరీ టూ, ఆన్." వేలు కాస్త జరుగుతుంది. "ఏపీయూ మాస్టర్, ఆన్." నొక్కిన మీట కదలదు, వెలగాల్సిన దీపం వెలగదు. అయినా వెలిగిందని చూసుకున్నాకే రెండోదాని మీదికి వెళతాడు. వీడు గోడతో మాట్లాడుతున్నాడని వాళ్ల నాయనమ్మ మొదట్లో బెంగపడింది. ఇప్పుడు గోడకు కాఫీ కావాలేమో అడిగి చెప్పమంటోంది.

లైసెన్సుకు విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అడిగేది 200 గంటల ఫ్లయింగ్. అందులో 100 గంటలు విమానం పూర్తిగా తన బాధ్యతలో ఉండాలి. 300 నాటికల్ మైళ్లకు తగ్గని ప్రయాణం ఒకటి, దారిలో రెండు వేర్వేరు విమానాశ్రయాల్లో దిగి మరీ చేయాలి. 200 గంటలను రోజుల్లోకి మారిస్తే ఎనిమిది రోజులు, పైన ఎనిమిది గంటలు. అంత కొద్ది కాలాన్ని కూడబెట్టడానికి అతనికి ఏళ్లు పట్టాయి, వాళ్ల నాన్నకు కాలవ కింద పొలం పట్టింది. లాగ్‌బుక్ తెరిస్తే బయల్దేరిన చోటుకు ఒక గడి, చేరిన చోటుకు ఒక గడి ఉంటాయి. చాలా పేజీల్లో రెండు గడుల్లోనూ ఒకే పేరు. లేవడం, చుట్టు తిరగడం, అక్కడే దిగడం. ఎక్కడికీ పోకుండా అన్ని గంటలు ఎగిరినవాడే ఎక్కడికైనా తీసుకుపోగలడని లోకం నమ్ముతుంది.

పల్నాటికి ఈ విద్య మరీ కొత్తదేమీ కాదు. నాగార్జునసాగర్ కుడిగట్టున, మాచర్ల మండలం విజయపురి సౌత్‌లో ఒక చిన్న రన్‌వే ఉంది. టికెట్టు కొని ఎక్కే విమానం అక్కడికి రాదు. ఎక్కడెక్కడి పిల్లలో వచ్చి రెండు సీట్ల సెస్నాల మీద నేర్చుకున్న చోటు అది. అలా అక్కడినుంచి లేచిన ఒక శిక్షణ విమానం 2022 ఫిబ్రవరి 26న నది అవతల నల్గొండ జిల్లా పొలాల్లో కూలి, నడుపుతున్న ట్రైనీ పైలట్ చనిపోయింది. ఈ కుర్రాడి ఇంట్లో ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు. అతను నేర్చుకున్నది వేరే రాష్ట్రంలో. సొంత జిల్లాలో రన్‌వే ఉన్నా పరాయి ఆకాశానికే ఎక్కువ ఫీజు కట్టాడు.

చదివే పుస్తకాల్లో అతనికి అన్నిటికన్నా విసుగు ఎయిర్ రెగ్యులేషన్స్. ఏ చోటి మీదుగా పోకూడదు, ఎంత ఎత్తుకు దిగువన పోకూడదు, ఎవరినడిగి పోవాలి. కోటప్పకొండ మీద కాకి వాలదని మా ప్రాంతంలో చెప్పుకుంటారు. ఆ లెక్కన నిషిద్ధ గగనతలం డీజీసీఏ కంటే ముందే ఇక్కడ అమల్లో ఉందన్నమాట, దాన్ని కాకులు ఏ పరీక్షా రాయకుండానే పాటిస్తున్నాయి. వైద్య పరీక్ష సంగతి తేలికగానే పోయింది. కళ్లజోడు పెట్టుకుంటే చూపు సరిపోయింది, ఇక రంగులంటారా, కల్లంలో ఎండుమిర్చి నుంచి తాలుకాయ ఏరుతూ పెరిగిన కళ్లవి. గుంటూరు జిల్లా మూలాలున్న శిరీష బండ్ల ఎయిర్‌ఫోర్స్ పైలట్ కావాలనుకుంటే చూపు అడ్డొచ్చింది. ఇంజినీరింగ్ చదువుకుని, 2021 జులై 11న వర్జిన్ గెలాక్టిక్ నౌకలో ఏ ప్రయాణికుల విమానమూ చేరని ఎత్తుకు వెళ్లొచ్చారు. కళ్లు కాదన్న ఆకాశం మరో తలుపు తీసిపెట్టింది.

బయటి లెక్కలు చూస్తే ఇదే అదను అనిపిస్తుంది. 2023 ఫిబ్రవరిలో ఎయిరిండియా 470 విమానాలు కొంటానంది, జూన్‌లో ఇండిగో ఒకేసారి 500 ఆర్డరిచ్చింది. 2025 డిసెంబరులో, పైలట్ల విశ్రాంతి గంటలు పెంచిన నిబంధనకు తగ్గ ఏర్పాట్లు లేక ఇండిగో విమానాలు వేలల్లో రద్దయ్యాయి. పైలట్లు హాయిగా నిద్రపోవాలంటే ఇంకా ఎందరు పైలట్లు కావాలో దేశానికి ఆ వారంలో తెలిసింది. కానీ కొరత ఉన్నది అనుభవం పండిన కెప్టెన్లకు. 200 గంటలవాళ్లు మాత్రం లైసెన్సు చేతబట్టుకుని వరసలో ఉన్నారు. వరస ఎప్పుడూ ఉన్నదే. 1947లో లైసెన్సు తీసుకున్న ప్రేమ్ మాథుర్‌ను ఆడమనిషని ఎనిమిది కంపెనీలు కాదన్నాయట, చివరికి ఉద్యోగమిచ్చింది హైదరాబాద్‌లోని డెక్కన్ ఎయిర్‌వేస్. విజయవాడలో పెరిగిన అనీ దివ్య శిక్షణకు వెళ్లిన కొత్తలో, ఇంగ్లిషు సరిగా రాక తోటివాళ్లు నవ్వితే భరించారు. ముప్పయ్యో ఏట బోయింగ్ 777కు కమాండర్ అయ్యారు. మా కుర్రాడికి ఇంగ్లిషు ఇబ్బంది లేదు. ఇబ్బంది అంతా ఆ ఇంగ్లిషులో చెప్పాల్సిన సంగతితోనే.

దిగడానికి సిద్ధమైన విమానం వేగం ఎక్కువైనా, ఎత్తు కుదరకున్నా, రన్‌వే కనబడకపోయినా దిగే ప్రయత్నం మానుకుని మళ్లీ పైకి లేవాలి. దాన్ని గో అరౌండ్ అంటారు. ఇంటర్వ్యూలో ఏ దారిన వెళ్లినా ప్రశ్నలు అక్కడికే వచ్చి చేరతాయట. చలికాలం పొద్దున గన్నవరంలో మంచు కమ్మితే విమానం కాసేపు పైన తిరిగి హైదరాబాద్ వెళ్లిపోతుంది. మర్నాడు పేపర్లో ప్రయాణికుల అగచాట్లు వస్తాయి. పైలట్ ఆ రోజు చేసిన అన్నిటికన్నా మంచి పని అదే అయినా దాన్ని మెచ్చుకునే వార్త ఉండదు, ఎందుకంటే ఏమీ జరగలేదు. ఏమీ జరగకుండా చూడటమే ఆ ఉద్యోగం. పల్నాడు అయిదు రోజులు పండగ చేసుకునేది మాత్రం జరిగినవాటికే.

2010 మే 22న దుబాయ్ నుంచి వచ్చిన విమానం మంగళూరు కొండమీది రన్‌వే దాటి లోయలో పడి 158 మంది చనిపోయారు. గో అరౌండ్ అని కో-పైలట్ మూడుసార్లు అన్నాడని విచారణలో తేలింది. కెప్టెన్ దిగాడు. ఆ మూడుసార్ల మాట చదివినప్పుడల్లా ఆ కో-పైలట్ గొంతు ఎలా పలికి ఉంటుందా అనిపిస్తుంది. గట్టిగా అన్నాడో, పెద్దాయనకు గుర్తుచేస్తున్నట్టు అన్నాడో. పెద్దవాళ్లకు ఎదురు చెప్పకూడదని మన ఇళ్లలో మాటలు రాకముందే నేర్పుతాం. ఎదురు చెప్పే అవకాశం మన కథల్లో ఒక్క పనికే ఉంది. పల్నాటి కథలో పెద్దలు సంధి వైపు మొగ్గుతుంటే కాదని బాలచంద్రుడు యుద్ధానికే పట్టుబట్టాడు, అందుకే అతను వీరుడు. పెద్దాయన ముందుకే దూకుతానంటే 'వద్దు, వెనక్కి పోదాం' అన్న కుర్రవాడి మీద ఎవరూ పాట కట్టలేదు. విమాన సంస్థలు వెతికేది సరిగ్గా ఆ పాటలేని కుర్రవాణ్ణే. బాలచంద్రుడు ఇంటర్వ్యూకు వస్తే మొదటి గది కూడా దాటడని నా అనుమానం.

మొన్న ఆదివారం గురజాల నుంచి వచ్చిన మేనమామ చేత ఉత్తుత్తి ఇంటర్వ్యూ పెట్టించారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు, కెప్టెన్ పాత్రకు వేరే నటన అక్కర్లేదు. ఫ్లెక్సీ ముందు రెండు ప్లాస్టిక్ కుర్చీలు పక్కపక్కన వేశారు, ఎడమది కెప్టెన్‌ది. ఆయన మొండిగా దిగిపోతుండాలి, వీడు ఆపాలి.

"వేగం కొంచెం ఎక్కువుందేమో మావయ్యా."

"మావయ్యేంట్రా, కెప్టెన్ అను. ఉందేమో ఏంటి, ఉందా లేదా?"

"కెప్టెన్, వేగం ఎక్కువ. గో అరౌండ్."

ఆయన వినిపించుకోలేదు. పాత్ర కోసమో, అలవాటు కొద్దీనో తెలియలేదు. రెండోసారి వీడి గొంతు కాస్త పెరిగింది, ఆయన మీసం మెలేసుకుంటూ గోడలోకి చూస్తున్నాడు. మూడోసారి చెయ్యి చాచి, ఫ్లెక్సీ మీద తన వైపు సైడ్‌స్టిక్ ఉన్న చోట అరచేయి ఆనించి, "గో అరౌండ్. ఐ హ్యావ్ కంట్రోల్" అన్నాడు.

వాకిట్లో చింతపండు గింజ తీస్తున్న నాయనమ్మ తలుపు దాకా వచ్చింది. "వియ్యాలవారి మనిషితో అవేం మాటల్రా?"

మేనమామ కాసేపు మాట్లాడలేదు. తర్వాత కండువా సర్దుకుని కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "మళ్లీ మొదటినుంచి రానీ. ఈసారి ఇంకాస్త ముందే లాక్కో."