మా చేను గడ్డ మా కడాయికి రాదట!

జహీరాబాద్ పక్కన మా ఊళ్లో మరిది రెండెకరాల్లో ఆలుగడ్డ వేస్తాడు. ఆయన భార్య, అంటే మా ఏరాలు, ఇంట్లోనే ఆలూ చిప్స్ చేసి చుట్టుపక్కల దుకాణాలకు వేస్తుంది. ఆ చిప్స్‌కు కావలసిన గడ్డలు మాత్రం బయట కొంటుంది. మొగుడు పండించింది మండికి పోతుంది, పెళ్లాం మండి నుంచి మోసుకొస్తుంది. వినడానికి నవ్వులాటగా ఉంటుంది కానీ, పొదుపు సంఘంలో లోన్ తీసుకుని ముక్కలు కోసే మిషన్ కొన్న మనిషికి నవ్వు రాదు.

(కోస్తా వాళ్ల బంగాళాదుంప, చిత్తూరు వాళ్ల ఉర్లగడ్డ, మా ఆలుగడ్డ అన్నీ ఒకటే. తెలుగు బి.ఏ. చదివినందుకు ఈ మాత్రం చెప్పకపోతే ఎలా!)

మరిది వేసేది కుఫ్రి పుఖ్రాజ్. లేత పసుపు గడ్డ, తొందరగా ఊరుతుంది, బాగా తూగుతుంది. కూరకు వంక పెట్టలేం. కానీ అందులో నీరు ఎక్కువ. నూనెలో వేస్తే ఆ నీరంతా ఆవిరైపోవాలి, ఆ ఖాళీలోకి నూనె దూరుతుంది. కిలో గడ్డకు చిప్స్ తక్కువ, నూనె ఖర్చు ఎక్కువ. చిప్స్ ఫ్యాక్టరీల వాళ్లు గడ్డలో నీరు పోగా మిగిలే పదార్థం నూటికి 20 పాళ్లయినా ఉండాలంటారు.

రెండో బాధ రంగు. ఎండాకాలం దాటితే దొరికేవి చాలావరకు కోల్డ్ స్టోరేజీ గడ్డలే. 2 నుంచి 4 డిగ్రీల చలిలో ఉంచితే గడ్డలోని పిండి కొంత చక్కెరగా మారుతుంది. ఆ చక్కెరే నూనెలో పడగానే ఎర్రబారుతుంది. మా ఏరాలు ప్యాకెట్లు అలాగే ఒకసారి దుకాణాల నుంచి తిరిగొచ్చాయి, మాడిపోయాయని. ఆ పిల్ల మంట తగ్గించి, నూనె మార్చి, ఉప్పునీళ్లలో నానబెట్టి ఎన్ని తంటాలు పడిందో నేను చూశాను. తప్పు చేతిలో లేదు, గడ్డలో ఉంది. అందుకే చిప్స్ గడ్డలను 10, 12 డిగ్రీల దగ్గర దాస్తారట.

చిప్స్ కోసమే చేసిన రకాలు లేవా అంటే ఉన్నాయి. సిమ్లాలోని కేంద్ర ఆలుగడ్డ పరిశోధన సంస్థ 1998లోనే కుఫ్రి చిప్సోనా ఇచ్చింది. కుఫ్రి అంటే సిమ్లా దగ్గరి ఊరు. అక్కడి చల్లదనంలో ఆలు మొక్క బాగా పూస్తుంది కాబట్టి రకాలను కలపడం సులువు. అందుకే ఆ సంస్థ రకాలన్నిటికీ ఆ ఊరే ఇంటిపేరు.

కానీ చిప్సోనాకు దాదాపు 100 రోజుల పైన కావాలి. మన దగ్గర చలి ఎన్నాళ్లని? రాత్రిళ్లు 20 డిగ్రీలు దాటితే గడ్డ ఊరడం తగ్గుతుంది. దీపావళి దగ్గర్లో వేస్తే, శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుంది. ఉత్తరాదిలో మెచ్చిన రకం ఇక్కడా మెప్పిస్తుందని నమ్మి రెండెకరాలు పెట్టలేం. విత్తనం గడ్డలే ఎకరానికి 8 నుంచి 10 క్వింటాళ్లు పడతాయి, అన్నిటికంటే పెద్ద ఖర్చు అదే.

కిందటేడు నేనే మధ్యలో దూరి, ఒకే మడిలో నాలుగు రకాలు రెండేసి సాళ్లు వేయమన్నాను. పుఖ్రాజ్, జ్యోతి, చిప్సోనా, 2006లో వచ్చిన సూర్య. ఈ సూర్య వేడిని కొంచెం ఓర్చుకునే రకం.

"మండిలో తూకమే చూస్తరు వదినా, చిప్స్ తెల్లగొస్తయా అని ఎవరడుగుతరు?" అన్నాడు మరిది.

"నేనడుగుతున్న కదా," అంది మా ఏరాలు. పెళ్లయి పన్నెండేళ్లు, పొలం సంగతిలో ఆమె నోరు విప్పడం నేను అదే మొదలు వినడం.

తవ్వాక పుఖ్రాజే ఎక్కువ తూగింది. చిప్సోనా రుచికీ రంగుకూ బ్రహ్మాండం, కానీ గడ్డలు నిమ్మకాయలంత. సూర్య రెంటికీ మధ్యన నిలబడింది. వంటింట్లో ఇంకో పరీక్ష చేశాం, మీరూ చేసి చూడొచ్చు. 11 గ్లాసుల నీళ్లలో గ్లాసు ఉప్పు కరిగించి గడ్డలు వేయండి. పిండి ఎక్కువున్నది మునుగుతుంది, నీరు ఎక్కువున్నది తేలుతుంది. పుఖ్రాజ్ బాతుల్లా తేలాయి. చిప్సోనా అడుక్కి పోయింది. సూర్యలో ఒకటి రెండు తప్ప అన్నీ మునిగాయి. వేయించి, చిప్స్‌నూ మిగిలిన నూనెనూ తూచి రాసుకున్నాం. ఆ కాగితం చూసి మరిది చాలాసేపు మాట్లాడలేదు.

ఒక్క ఏటి పంట చూసి పూర్తిగా మారమని నేనూ అనను. చలి ఏటికో తీరుగా ఉంటుంది. ఈసారి అర ఎకరం సూర్య, మిగతాది పుఖ్రాజ్ అని తేలింది. విత్తనానికి అడ్వాన్సు కూడా కట్టేశారు, అర ఎకరానిది ఏరాలు చిప్స్ డబ్బులోంచే. అత్తమ్మ మాత్రం ఇంకా అలిగే ఉంది, ఆమెకు వేపుడులోకి జ్యోతే కావాలి. ఆమె కోసం గట్టు పక్కన రెండు సాళ్లు వదిలాడు.