పట్టూ, విడుపూ

విజయనగరం నుండి రాయ్‌పూర్ వెళ్ళే రైలు తూర్పు కనుమలను, మహానదిని దాటి ఛత్తీస్‌గఢ్ మైదానంలో ప్రవేశిస్తుంది. ఆ దారిలో రాయ్‌పూర్‌కు కాస్త ముందు వచ్చే స్టేషను మందిర్ హసౌద్. పేరులో మందిరం ఉన్నప్పటికీ, ఈ ఊరి మీదుగా నిత్యం సాగే యాత్ర మాత్రం లారీలది. గుజరాత్‌లోని హజీరా నుండి ఒడిశా తీరాన ఉన్న పరాదీప్ వరకు పోయే 53వ నంబరు జాతీయ రహదారి ఇటుగానే సాగుతుంది. 2010లో నంబర్లు మార్చక ముందు దీనిని 6వ నంబరు రహదారి అనేవారు.

ఛత్తీస్‌గఢ్‌కు 'ధాన్యపు గిన్నె' అని పేరు. ఇక్కడి రైతులు పసుపుపచ్చని నేలను మటాసీ అనీ, నల్లరేగడిని కన్హార్ అనీ పిలుస్తారు. తేమను నిలిపి పైరును కాపాడే ఆ కన్హారే వానకాలంలో లారీ పాలిట ఊబి అవుతుంది. తారు అంచు దాటిన చక్రం, ఇంజను ఎంత గర్జించినా, మరింత దిగబడుతుందే గాని పైకి రాదు. అప్పుడు అక్కరకు వచ్చేది విరోధమైన రెండు గుణాలు గల ఒక యంత్రం: వించి.

విద్యుత్ వించిలో మోటారు, పళ్ళ చక్రాలు, ఉక్కు తాడు చుట్టిన డ్రమ్ము ఉంటాయి. కొన్ని నమూనాలలో మోటారు 200 సార్లకు పైగా తిరిగితేనే డ్రమ్ము ఒక్కసారి తిరుగుతుంది. వేగాన్ని బలంగా మార్చే ఉపాయమిది.

మరి మోటారు ఆగితే? మోట తోలే రైతుకు ఈ చిక్కు తెలుసు. ఎద్దులు నడిదారిలో నిలిచిపోతే బాన బరువంతా వాటి మెడలమీదనే ఉంటుంది. వించిలో ఆ భారం మోసేది బ్రేకు. చాలా నమూనాలలో ఇది డ్రమ్ము లోపలనే దాగి ఉంటుంది. బరువు డ్రమ్మును వెనుకకు తిప్పబోగానే, ఆ తిప్పుడే బ్రేకును బిగిస్తుంది. బరువు ఎంత లాగితే పట్టు అంత పెరుగుతుంది. మోటారుతో తాడు వదిలేటప్పుడు మాత్రం ఆ పట్టు కొంత సడలి, ఒరిపిడితో డ్రమ్ము వేడెక్కుతుంది. కనుక బరువుతో చాలాసేపు తాడు వదలరాదు.

ఇక విడుపు. తాడును చేతితో లాగి దూరాన ఉన్న చెట్టుకో, మరొక లారీకో తగిలించాలంటే డ్రమ్ము స్వేచ్ఛగా తిరగాలి. పక్కనున్న మీట తిప్పగానే గేర్ల బంధం తెగుతుంది. దీనినే ఫ్రీ స్పూల్ అంటారు. ప్రమాదమంతా ఇక్కడనే ఉన్నది. అప్పుడు బ్రేకు చెడిపోదు. కాని దాని పట్టు డ్రమ్మును చేరే మార్గమే ఉండదు. తాడు బిగిసి ఉండగా ఎవరైనా ఆ మీట ముట్టుకుంటే, బ్రేకు ఉన్నదన్న నమ్మకంతో వాలులో నిలిచిన మనిషిమీదికి లారీ దొర్లవచ్చును.

అందుచేత లాగడానికి ముందు మీట పూర్తిగా తన గాడిలో పడినదో లేదో చూడాలి. డ్రమ్ముమీద ఉక్కు తాడు 5 చుట్లకు తగ్గరాదు. కృత్రిమ పోగుల తాడైతే ఇంకా ఎక్కువ ఉండాలి. బరువును ఆపేది తాడు కొసనున్న చిన్న మర కాదు, గుంజకు చుట్టిన పలుపు వలె ఆ చుట్ల ఒరిపిడే. బిగిసిన తాడుకు ఎదుటగాని పక్కనగాని ఎవరూ నిలువరాదు. తాడు మధ్యన తడి గోనె వేస్తే, తెగినప్పుడు దాని విసురు కొంత తగ్గుతుంది.

పని ముగిసి లారీ గట్టి నేలపై నిలిచి, తన బ్రేకు తాను వేసుకొని, తాడు వదులైన తరువాతనే ఆ మీటకు మళ్ళీ వంతు వస్తుంది.