పిట్ట దిగిన చోట

విశాఖ వాళ్ళకు సముద్రమంటే రామకృష్ణా బీచి, రుషికొండ, భీమిలి. దక్షిణాన స్టీలుప్లాంటు దాటాక కూడా తీరం ఉందని, పూడిమడక, బంగారమ్మపాలెం, రేవుపోలవరం అనే ఊళ్ళను ఒరుసుకుంటూ అది సాగిపోతుందని చాలామందికి గుర్తుండదు. ఎలమంచిలి అయితే మరీను. రైలు కిటికీలోంచి చూసినవాళ్ళే ఎక్కువ. కొండలు, తాటిచెట్లు, వరిమళ్ళు, పసుప్పచ్చ బోర్డు మీద ఊరి పేరు, రెండు నిమిషాల్లో అన్నీ వెనక్కి వెళ్ళిపోతాయి. సముద్రం అంత దగ్గర్లో ఉన్నా రైల్లోంచి కనపడదు.

మనకు కనపడని ఆ తీరం ఎక్కడెక్కడి పిట్టలకో తెలుసు. చలికాలం మొదలయ్యేసరికి లడఖ్ నుంచి, టిబెట్ నుంచి, అంతకన్నా పైన ఆర్కిటిక్ మంచు నేలల నుంచి దారి అడక్కుండా వచ్చి వాలతాయి. ఉత్తర సైబీరియా నుంచి హిందూ మహాసముద్రం దాకా, 30 దేశాల మీదుగా వలసపక్షులు తిరిగే ఆకాశమార్గాన్ని మధ్య ఆసియా వలసమార్గం అంటారు. ఆ దారిలో దిగి, తిని, ఒళ్ళు చేసుకునే మజిలీల్లో మన తీరం కూడా ఉంది.

పిట్టల్ని చూడాలంటే జనవరిలో వెళ్ళాలి, పొద్దున్నే వెళ్ళాలి. ఎలమంచిలి నుంచి అచ్యుతాపురం రోడ్డు ఎక్కితే మొదట కనిపించేవి పిట్టలు కావు, సెజ్‌కి పోయే కంపెనీ బస్సులు. మొదటి షిఫ్టుకి పోయేవాళ్ళు కిటికీలకు తలలాన్చి నిద్రపోతుంటారు. 2022లో జిల్లాలు విడిపోయాక ఇదంతా కాగితాల మీద అనకాపల్లి జిల్లా. మాటల్లో ఇంకా విశాఖే. రాంబిల్లి దగ్గర నౌకాదళ స్థావరం కడుతున్నారు. పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. మ్యాపు గీసేవాళ్ళకు ఈ తీరం మీద ఇప్పుడు చాలా పని ఉంది.

పూడిమడక చేరేసరికి చేపల వేలం నడుస్తూంటుంది. ఇసుక మీద కవళ్ళు, కనగర్తలు కుప్పలుగా పోసి ఉంటాయి. చుట్టూ ఆడవాళ్ళు గంపలు పెట్టుకుని, ధర మీద గొంతులు పెంచుకుని నిలబడతారు. పైన గరుడపక్షులు తిరుగుతుంటాయి. తెల్లటి తల, ఇటుకరంగు ఒళ్ళు. చేప జారిన చోట కాకి వాలేలోపల వచ్చి తన్నుకుపోతాయి. అక్కడెవరూ వాటిని అదిలించరు. కుక్కనయితే తరుముతారు, కాకినయితే తిడతారు, గరుత్మంతుడి జోలికి మాత్రం పోరు.

బోట్లకు కాస్త ఎడంగా గుంపుగా కూర్చున్న తెల్లటి పక్షుల్ని అంతా సముద్రపు కాకులనేస్తారు. బైనాక్యులర్ పెట్టి చూస్తే ఒక్కోదాని కంటి వెనక, చెవి దగ్గర, దిష్టిచుక్కలా ఒక నల్లమచ్చ. ఇవి లడఖ్, టిబెట్లలో నాలుగువేల మీటర్లకు పైనున్న సరస్సుల దగ్గర పిల్లల్ని చేసే పక్షులు. అక్కడ వేసవిలో వీటి తల మొత్తం ముదురు గోధుమరంగు. చలికాలం వచ్చేసరికి ఆ రంగు రాలిపోయి చెవి దగ్గర ఆ మచ్చ ఒక్కటే మిగులుతుంది. తిరుగు ప్రయాణానికి ముందు మళ్ళీ రంగు పట్టడం మొదలవుతుంది. అంటే పూడిమడక వాళ్ళు ఏటా చూసే పక్షినే లడఖ్ వాళ్ళూ ఏటా చూస్తారు. ఇద్దరూ చూసిన తల రంగు మాత్రం ఒకటి కాదు.

అల అంచున మరో రకం. పిడికెడంత పిట్టలు, కింద తెలుపు, పైన బూడిదరంగు. అల వెనక్కి లాగగానే తడి ఇసుక మీదికి ఉరుకుతాయి, ముక్కుతో టకటకా పొడుస్తాయి, అల తిరిగొచ్చేసరికి కాళ్ళు తడవకుండా వెనక్కి ఉరుకుతాయి. కాళ్ళు కనపడనంత వేగం. ఇవి ఆర్కిటిక్ టండ్రాలో గుడ్లు పెడతాయి. ఇక్కడ అల లాగిన ఆ రెండు క్షణాల్లో ఇసుకలో కదిలే చిన్న పురుగులే వీటి తిండి. పక్కనే ఇంకో జాతి ఉంటుంది. అది నాలుగడుగులు పరిగెత్తి టక్కున ఆగుతుంది. కదలకుండా నిలబడి చూస్తుంది. ఒక్క పోటు పొడిచి మళ్ళీ పరిగెడుతుంది. అది టిబెట్, లడఖ్ పీఠభూముల నుంచి వచ్చింది. ఒకే ఇసుకను ఒకటి ముక్కుతో వెతుకుతుంది, ఇంకొకటి కంటితో వెతుకుతుంది. అందుకే రెంటికీ తగాదా రాదు.

ఇలాంటి వలసపిట్టల ఓర్పు గురించి చదివితే నమ్మబుద్ధి కాదు. 2022 అక్టోబరులో అలాస్కాలో బయలుదేరిన గాడ్విట్ జాతి పిల్ల ఒకటి, పుట్టి అయిదు నెలలే అయినది, ఎక్కడా వాలకుండా 11 రోజులు ఎగిరి ఆస్ట్రేలియా దక్షిణపు కొసనున్న టాస్మేనియాలో దిగింది. 13,560 కిలోమీటర్లు. వీపు మీద అతికించిన చిన్న ట్రాన్స్‌మిటర్ చెప్పిన లెక్క కాబట్టి నమ్మక తప్పదు. పూడిమడక ఇసుక మీద ఉరికే పిట్టలు అంత ఘనకార్యం చేయకపోవచ్చు గానీ, జాతి వేరైనా తెగువ అదే.

చూస్తూండగా వల బాగుచేసుకుంటున్న పెద్దాయన పలకరించాడు.

"ఏటి బాబూ, ఆ గొట్టాల్లోంచి ఏటగపడతాది?"

"పిట్టలు తాతా."

"పిట్టల్ని సూడ్డానికే ఇంత దూరం వొచ్చేరా?" అని నవ్వి, తలెత్తకుండానే చెప్పాడు. "పిట్ట దిగిందంటే కింద సేపున్నట్టే. ఒక్కటి దిగితే నమ్మకూడదు. నాలుగు దిగాల. దిగిన సోటే మల్లా దిగాల. అప్పుడు బోటు తిప్పాల."

ఆయన చెప్పింది తోక చీలిన సన్నటి తెల్లపిట్టల గురించి. అవి నీళ్ళ మీద గాలిలో ఆగి, తలకిందులుగా పడి చేపను తీసుకుని లేస్తాయి. పెద్ద చేపలు కింద నుంచి తరిమితే చిన్న చేపలు పైకి తేలతాయి. పైనుంచి పిట్టలు పడతాయి. పైనా కిందా చావే అయిన ఆ చిన్న చేపల మందే జాలరికి గుర్తు. సముద్రం తన కడుపులో ఏముందో మనిషికి చూపించదు, పిట్టకు చూపిస్తుంది. కాబట్టి మనిషి పిట్టను చూస్తాడు.

ఇప్పుడు ఆ సంగతి సెల్‌ఫోన్లకూ వస్తోంది. హైదరాబాదులో ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాల సాయంతో సముద్రపు ఉపరితల వేడిని, నీళ్ళలో నాచు పచ్చదనాన్ని కొలిచి, ఏ దిక్కున ఎంత దూరంలో చేపలు దొరకవచ్చో మత్స్యకారులకు కబురు పంపుతుంది. పెద్దాయనను అడిగితే "అదీ సూస్తాం, ఇదీ సూస్తాం" అన్నాడు. శాటిలైట్ అయినా పిట్ట అయినా పైనుంచి చూసి చెప్పేదే కదా అన్నట్టుంది ఆయన వాలకం.

ఆయన మాట మీద చాలాసేపు ఆలోచించాను. పక్షులను చూడటం తీరికున్నవాళ్ళ సరదా అనే అభిప్రాయం మనలో బలంగా ఉంది. ఖరీదైన కెమెరా, ఆకుపచ్చ టోపీ, వారాంతపు సెలవు ఉంటే తప్ప కుదరని పని అనుకుంటాం. కానీ ఒకటి దిగితే నమ్మకూడదు, నాలుగు దిగాలి, మళ్ళీ అక్కడే దిగాలి అనడంలో శాస్త్రజ్ఞుడి పద్ధతంతా ఉంది. ఒక్కసారి కనిపించింది రుజువు కాదు. పదేపదే కనిపిస్తేనే రుజువు. ఆయన తిండి కోసం చూస్తాడు, నేను తిండి తిన్నాక చూస్తాను. చూపులో ఎవరిది పదునో వేరే చెప్పక్కర్లేదు.

మధ్యాహ్నానికి కొండకర్ల ఆవకు పోయాం. కొల్లేరు తర్వాత రాష్ట్రంలో పెద్ద మంచినీటి సరస్సుగా దీన్ని చెప్పుకుంటారు. ఇక్కడి పడవలే ఒక వింత. తాటిమానుల్ని తొలిచి, రెంటిని జంటగా కట్టేస్తే దోనె. ఎక్కినవాళ్ళు కదలకుండా కూర్చోవాలి, లేకపోతే దోనె నడిపే మనిషి చూపుతోనే తిడతాడు. తామరాకుల మధ్య నుంచి అది జారిపోతూంటే నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటూ కనిపిస్తాయి. నత్తగుల్ల కొంగలు బురదలో తలదూర్చి ఉంటాయి. ఆ కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు మిగిలే ఉంటుంది. పిల్లగా ఉన్నప్పుడు ఆ సందు ఉండదు, పెరిగాక ఏర్పడుతుంది. ఆ ముక్కు మొనను గుల్లలోకి దూర్చి, లోపలి కండను తెంపి నత్తను బయటికి లాగుతుంది.

అన్నిటికన్నా నన్ను కట్టిపడేసింది తామరాకుల మీద నడిచే పిట్ట. ఒంటికి మించిన పొడుగాటి వేళ్ళు దానివి. బరువంతా ఆ వేళ్ళ మీద పంచుకుని, ఆకు మునగకుండా అడుగు మార్చుకుంటూ పోతుంది. ఈ జాతిలో ఆడది గుడ్లు పెట్టి తన దారిన తాను ఇంకో జత చూసుకుంటుంది. పొదగడం, పిల్లల్ని సాకడం మగదాని వంతు. దోనె నడిపే అతనికి ఈ మాట చెబితే "మా ఇంట్లో ఈ మాట అనకండి బాబూ" అన్నాడు.

ఈ ప్రాంతపు పిట్టల గురించి రాసినవాళ్ళు లేకపోలేదు. హుమాయూన్ అబ్దులాలీ 1945లో విశాఖపట్నం జిల్లా పక్షుల మీద బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వ్యాసం ప్రచురించాడు. విశాఖకు చెందిన కె.ఎస్.ఆర్. కృష్ణరాజు తూర్పు కనుమల పక్షుల వెంట ఏళ్ళతరబడి తిరిగాడు. హిమాలయాల్లోనూ ఈశాన్యంలోనూ ఉండే చెట్టుపిచ్చుక మన కనుమల్లో కూడా ఉందని 1973లో ట్రెవర్ ప్రైస్‌తో కలిసి రాశాడు. ఒక పిచ్చుక ఉందని రాయడం పెద్ద విషయమా అని ఎవరైనా అడగవచ్చు. రాయకపోతే, అది పోయిన రోజున పోయిందని చెప్పడానికి ఎవరి దగ్గరా కాగితం ఉండదు.

శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఇంకో రకం కాగితం ఉంది. అది ఊరి నమ్మకం. టెక్కలి దగ్గరి ఆ పల్లెకు ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి ఊరి చెట్ల మీదే గూళ్ళు కట్టుకుంటాయి. రెట్టల వాసన, రాత్రంతా గోల. అయినా వాటిని ఊరివాళ్ళు వెళ్ళగొట్టరు. అవి రాని ఏడు ఊరికి మంచిది కాదంటారు. అక్కడ పక్షికి ఊళ్ళో ఒక చోటుంది, పేరుంది. పూడిమడక ఇసుక మీద ఉరికే పిట్టకు అదీ లేదు. అది ఇక్కడ గూడు కట్టదు, ఎవరి చెట్టు మీదా వాలదు. అది బతికే నేల రికార్డుల్లో ఖాళీ జాగా. ఖాళీ జాగాలకు ఏమవుతుందో ఈ దారిన వచ్చే ప్రతి కంపెనీ బస్సూ చెబుతుంది. ఆ బస్సుల్లోవాళ్ళ ఉద్యోగాలు పోవాలని నేను కోరను. ఇసుకనూ ఆవనూ ఖాళీ అని రాసే ముందు అక్కడెవరున్నారో ఒకసారి లెక్క చూడమంటాను.

ఆ లెక్క రాయడానికి పెద్ద చదువు అక్కర్లేదు. 1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా దేశాల్లో నీటిపక్షుల గణన జరుగుతోంది. అందులో ఎక్కువమంది మనలాంటి మామూలు ఔత్సాహికులే. ఈసారి సంక్రాంతికి ఎలమంచిలి వైపు వస్తే పిల్లల్ని వెంటబెట్టుకుని ఒక పొద్దున పూడిమడక ఒడ్డుకు, మధ్యాహ్నం కొండకర్ల ఆవకు వెళ్ళండి. ఒక నోటుపుస్తకం పట్టుకెళ్ళండి. ఏ పిట్ట, ఎన్ని, ఏ తేదీన, ఎక్కడ అన్నది రాయండి. పేరు తెలియకపోతే వల కుట్టే తాతనో దోనె నడిపే మనిషినో అడిగి, వాళ్ళు చెప్పిన పేరే రాయండి. పై ఏడు అదే చోటికి మళ్ళీ వెళ్ళి రాయండి.

ఒకటి దిగితే నమ్మకూడదు. నాలుగు దిగాలి, దిగిన చోటే మళ్ళీ దిగాలి. నోటుపుస్తకానికీ అదే నియమం.