మా పిండి, మామ బట్టీ

అనంతపురం ఊళ్లలో ఒకప్పుడు పండగ బిస్కెట్లంటే కొనుక్కొచ్చేవి కావు, చేయించుకొచ్చేవి. క్రిస్మస్ కానీ రంజాన్ కానీ దగ్గర పడుతోందంటే మైదా, చక్కెర, డాల్డా, నాలుగు యాలక్కాయలు సంచిలో వేసుకుని బేకరీకి పోయేవాళ్లం. ఇటుకలతో కట్టిన బట్టీలో కట్టెలు వేసి బాగా కాల్చి, బొగ్గులు లాగేసి, ముందు బ్రెడ్డు, బన్నులు పెట్టేవాళ్లు. వాటికి వేడి ఎక్కువ కావాలి. అవి అయిపోయాక వేడి కాస్త దిగుతుంది చూడండి, అదీ బిస్కెట్ల వేళ. అందుకే మన వంతు వచ్చేసరికి రాత్రయ్యేది. పిల్లలకు నిద్ర పట్టేది కాదు.

"మామా, మావి కొంచెం ఎర్రగా కాల్చు" అనేది అమ్మ. "ఎర్రగా కాలిస్తే రేపు చేదంటావు తల్లీ, నాకిడిచిపెట్టు" అనేవాడాయన. బేకరీ ఆయన సాయిబు, మేము వేరే. అయినా వరస కలవకుండా ఏ పనీ జరిగేది కాదు మా వైపు. కేజీకింత అని కూలి తీసుకునేవాడు. ఇంటికి తెచ్చుకోవడానికి ఈతచెట్టు బొమ్మలాంటిది ఉన్న పాత డాల్డా డబ్బా తోమి, ఎండబెట్టి ముందే సిద్ధంగా ఉంచేవాళ్లు.

బయటి బట్టీలో కాలిన దాన్ని ఇంటి వంట అనొచ్చా అని అడిగేవాళ్లున్నారు. నేనైతే నిశ్చయంగా అంటాను. కొలత ఇంటిది. ఒకరు కొబ్బరి వేయమంటారు, ఒకరు వాము, ఉప్పు వేసి కారంగా చేయమంటారు. ఒకే పొయ్యిలో ఒకే రాత్రి కాలినా ఏ రేకు ఎవరిదో రుచి చూసి చెప్పేయొచ్చు. తర్వాత ఆ బిస్కెట్లు పళ్లేల్లో సర్దుకుని, పైన గుడ్డ కప్పుకుని, ఇల్లిల్లూ తిరిగేవి. ఉగాదికి మా ఇంటి ఓళిగలు ఆ పళ్లేల్లోనే వెనక్కి పోయేవి. గుంతకల్లు రైల్వే కాలనీ వైపు క్రిస్మస్‌కు గులాబీ పువ్వులనే పిండివంట తోడయ్యేది. ఇనుప అచ్చును కాగే నూనెలో వేడి చేసి, పిండిలో అంచుదాకా మాత్రమే ముంచి, మళ్లీ నూనెలో విదిలిస్తే పువ్వు విడివడుతుంది. అచ్చు పూర్తిగా మునిగిందా, పువ్వు ఊడి రాదు.

బట్టీ బిస్కెట్టు అంత గుల్లగా రావడానికి బేకరీవాళ్లు చిటికెడు అమ్మోనియా పొడి కలుపుతారు. వేడికి అది పూర్తిగా వాయువై, పిండిలో సందులు చేసి బయటికి పోతుంది. పలుచని బిస్కెట్టులోంచి వాసన మిగలకుండా వెళ్లిపోతుంది కాబట్టి సరిపోయింది. మందమైన కేకులో వేస్తే ఆ ఘాటు లోపలే నిలిచిపోతుంది. ఇక కరకర తగ్గకపోవడం మా గాలి చలవ. ఏడాదికి అయిదున్నర వందల మిల్లీమీటర్లు కురిస్తే గొప్ప అనుకునే నేల ఇది. కోస్తాలో మూడు రోజులకు మెత్తబడే బిస్కెట్టు ఇక్కడ డబ్బా అడుగుదాకా పటపటలాడుతుంది. కరువు గాలి మాకు ఇచ్చిన మంచి ఏదైనా ఉంటే అందులో దీన్నీ లెక్కపెడతాను.

నా మనసులో ఉన్న బాధ మాత్రం డాల్డా దగ్గర మొదలవుతుంది. డాల్డా 1937లో మార్కెట్లోకి వచ్చింది. ఆ కాలంలో ఈ దేశంలో వనస్పతి చేసింది ఎక్కువగా శెనక్కాయ నూనెతోనే. అంటే మా ఎర్రనేలల్లో పండే పంట మిల్లుకు పోయి, నూనెగా మారి, గట్టిపడి, డబ్బాలో మా పండగకు తిరిగొచ్చేది! ఉమ్మడి జిల్లాలో ఏడెనిమిది లక్షల హెక్టార్లలో శెనక్కాయ వేసిన ఏళ్లున్నాయి. కొత్త విత్తనానికి కదిరి పేరు పెట్టుకున్నాం. నిప్పట్లలో పలుకులు వేసుకున్నాం, ఉండలు చుట్టుకున్నాం. పండగ బిస్కెట్టులోకి మాత్రం ఆ గింజను రానివ్వలేదు. శెనక్కాయకు ముందు ఈ చేలల్లో పండిన కొర్ర, రాగి, సామ గతి ఇంకా హీనం. వాటిని పేదల తిండి అని పండగ పళ్లెం నుంచి తీసేశాం. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ లాంటి సంస్థలవాళ్లు చిరుధాన్యాలను మళ్లీ చేలకు తెచ్చారు. పళ్లెంలోకి తెచ్చుకోవాల్సింది మనం.

నిజానికి బిస్కెట్టుకు మైదాకన్నా కొర్రపిండే అనువు. మైదాలోని జిగురు బ్రెడ్డు పొంగడానికి కావాలి. బిస్కెట్టుకు ఆ జిగురు ఎక్కువైతే గట్టిపడుతుంది. కొర్రలో ఆ జిగురే లేదు, నోట్లో వేసుకుంటే ఇట్టే విరిగిపోతుంది. అందులో శెనక్కాయ పొడి కలిపితే, ఆ గింజలో సగానికి దగ్గరగా నూనే ఉంటుంది కాబట్టి నెయ్యి కూడా తక్కువ పడుతుంది. గింజలు దోరగా వేయించి, పొట్టు ఊది, చల్లారాకే మిక్సీలో ఆపి ఆపి తిప్పాలి. ఒక్కసారిగా తిప్పారంటే నూనె ఊరి ముద్దైపోతుంది. పచ్చివాసన పోయేలా వేయించిన కొర్రపిండి ఒక గ్లాసైతే, ఈ పొడి అర గ్లాసు, బెల్లం పొడి అర గ్లాసు, కరిగిన నెయ్యి పావు గ్లాసు, చిటికెడు ఉప్పు. ముద్ద కట్టకపోతే పాలు చిలకరించుకోండి. ఓవెన్ లేకపోతే అడుగు మందమున్న గిన్నెలో రెండు వేళ్ల ఎత్తున ఇసుక పోసి, వేడెక్కాక స్టాండు మీద పళ్లెం పెట్టి మూతేస్తే చాలు. తీసేటప్పుడు మెత్తగానే ఉంటాయి, కంగారు పడి ఇంకా కాల్చొద్దు. చల్లారితే గట్టిపడతాయి.

ఇప్పుడు హిందూపురం నుంచి గుత్తి దాకా బెంగళూరు అయ్యంగార్ బేకరీ బోర్డులే. వాళ్ల కారం బిస్కెట్లు నాకూ ఇష్టమే. అయినా బేకరీలు నడిపే అన్నలకు నాదొక విన్నపం. పండగ వారంలో రాత్రిపూట మీ పొయ్యి ఊరికి ఇవ్వండి. కేజీకింత అని కూలి చెప్పండి, బేరమాడం. పిండి మేమే పట్టించుకుని తెస్తాం, శెనక్కాయలు ఒలిచి, వేయించే తెస్తాం.