పీజు ఏసినావా బాబూ?

గాజువాకలో ఇరవై ఏళ్లుగా కాపురముంటున్న మనిషి యారాడ వెళ్లడానికి దారి చూపించే పెట్టె పెట్టుకున్నాడంటే ఎవరైనా నవ్వుతారు. మా ఆవిడా నవ్వింది. 2010 డిసెంబరు నాటి మాట. బైకు మీద అరకు వెళ్లాలని నాకో కోరిక. మ్యాపులు చూపించే ఫోను అప్పటికి మా ఇంటికి రాలేదు. అందుకని ఓ జీపీఎస్ పెట్టె కొన్నాను. "ముందు యారాడ దాకా వెళ్లి చూద్దాం. తెలిసిన దారిలోనే కదా, అది తప్పు చెబితే తెలిసేది!" అని సమర్థించుకున్నాను.

చిక్కల్లా కరెంటుతోనే. పెట్టెలో ఉన్న బ్యాటరీ రెండు గంటలకే నీరసించిపోయేది. కారులో అయితే సిగరెట్ లైటర్ సాకెట్‌లో చార్జరు గుచ్చితే సరి. నా బైకుకి అలాంటి భోగం లేదు. బైకు బ్యాటరీ 12 వోల్టులు, జీపీఎస్‌కి కావలసింది 5 వోల్టులు. కారు చార్జరు చేసేది ఆ తగ్గించే పనే. దాన్ని హ్యాండిల్‌కి కట్టేసి, బ్యాటరీ ప్లస్సుకీ మైనస్సుకీ రెండు వైర్లు బిగించి, ట్యాంకు కింద నుంచి పైకి లాగాను. టేపు చుట్టాను. తెర వెలిగింది. మెకానిక్‌కి ఇవ్వాల్సిన డబ్బులు మిగిలాయని ఆ పూట గర్వంగా తిరిగాను.

ఆ మరుసటి ఆదివారం సాయంత్రం మల్కాపురం, సింధియా దాటి కొండెక్కాం. ఎక్కడో 20 వేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల్లో కనీసం నాలుగింటి నుంచి సంకేతాలు అందుకుని, మేమెక్కడున్నామో ఆ పెట్టె చెబుతోంది. తెర మీద మలుపు కనిపించడం, మా ముందు మలుపు రావడం. నాకు భలే ముచ్చటేసింది. పైనుంచి సముద్రం కనిపించాక యారాడ వైపు దిగుతున్నాం. నాలుగో మలుపో అయిదో మలుపో, తెర ఆరిపోయింది. "ఏమండీ, ఏదో కాలుతున్న వాసనొస్తోంది" అంది వెనక నుంచి మా ఆవిడ. ట్యాంకు కింద నుంచి సన్నగా పొగ.

బండి ఆపి, ఆవిణ్ని దూరంగా వెళ్లమని, తాళం తిప్పేశాను. ఇంజను ఆగింది. పొగ మాత్రం ఆగలేదు. నేను వేసిన వైరు నేరుగా బ్యాటరీకి ఉంది కదా, దానికి తాళంతో పనేముంది? పైన ట్యాంకు నిండా పెట్రోలు. సైడు కవరు స్క్రూ విప్పుదామంటే వేళ్లు వణుకుతున్నాయి.

అంతలో చేపల బుట్టలతో మోపెడ్ మీద కొండెక్కుతున్న పెద్దాయన ఒకాయన ఆగాడు. ఒక్క చూపు చూసి, కవరు పట్టి ఊడబెరికి, తలగుడ్డ చేతికి చుట్టుకుని, బ్యాటరీ దగ్గర వైరు లాగేశాడు. పొగ తగ్గింది. అప్పుడడిగాడు.

"పీజు ఏసినావా బాబూ?"

వెయ్యలేదు. ఆ మాట చెప్పడానికి సిగ్గేసింది.

ఆయన వైరు వెంట వేలు పోనిచ్చి హ్యాండిల్ మెడ దగ్గర ఆపాడు. "ఇక్కడ బిగించి కట్టీసినావు. మలుపు తిప్పినప్పుడల్లా ఇనపముక్కకి రాసుకుని తోలూడిపోనాది." మా ఆవిడ మొహం చూసి జాలిపడ్డాడో ఏమో, మోపెడ్ వెనక్కి తిప్పి మమ్మల్ని ఊళ్లోకి తీసుకెళ్లాడు. ఇసకలో ఉన్న తన ఫైబర్ బోటు చూపించాడు. అందులోనూ జీపీఎస్సే! దానికి వేరే బ్యాటరీ. ప్లస్సుకి జానెడు దూరంలోనే ఫ్యూజు. పక్కన ప్లాస్టిక్ కవరులో చుట్టిన నాలుగు కొత్త ఫ్యూజులు.

"రోడ్డు మీద బండి ఆగితే దిగి తోసుకుంటావు. సముద్రంల ఎక్కడికి దిగుతాం బాబూ?" అన్నాడు. తర్వాత చెయ్యెత్తి డాల్ఫిన్ నోస్ కొండ వైపు చూపించాడు. "మిసను ఆరిపోనా ఆ లైటవుసు ఉంది మాకు." అది వెలిగే వేళ కావస్తోంది. చేపలు బేరమాడకుండా కొన్నాం. కిక్ కొడితే బండి స్టార్టయింది. మెల్లగా ఇల్లు చేరాం.

మర్నాడు బుద్ధిగా మెకానిక్ దగ్గరకెళ్లాను. ఆయన చేసింది చిన్న పనే. తాళం వేస్తేనే కరెంటు వచ్చే తీగ నుంచి సరఫరా తీశాడు. దాంతో బండి ఆపితే జీపీఎస్సూ ఆగుతుంది, రాత్రంతా బ్యాటరీని తాగేయదు. మొదట్లోనే 2 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాడు. "ఇది మీ పెట్టెని కాపాడ్డానికి కాదు సార్, వైరు కాలకుండా" అన్నాడు. హ్యాండిల్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పి చూసి, మెడ దగ్గర కాస్త వదులు ఉంచి కట్టాడు. ఆ తర్వాతే అరకు వెళ్లాం, క్షేమంగా వచ్చాం.

ఆ వైరు నా రుణం మరోలా తీర్చుకుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖని అతలాకుతలం చేసినప్పుడు మా వీధిలో రోజుల తరబడి కరెంటు లేదు. వాకిట్లో బండి స్టార్ట్ చేసి, ఆ వైరుకే ఇరుగుపొరుగు ఫోన్లు ఒక్కొక్కటిగా చార్జి చేసిచ్చాను. సిగ్నల్ వచ్చిన చోటికి పరుగెత్తి, "మేం బాగానే ఉన్నాం" అని ఊళ్లకి చెప్పుకున్నారు.

ఇప్పుడు ఆ పెట్టె అటక మీద ఉంది. దాని పని ఫోనే చేస్తోంది. మొన్న మా అబ్బాయి తన పాత బైకుకి ఫోను చార్జరు తనే బిగించుకుని, "నాన్నా, లంబసింగి వెళ్లొస్తా" అన్నాడు. జాగ్రత్తగా వెళ్లమని చెప్పబోయి ఆగాను. ఆ మాట వాడు వినడని తెలుసు. అందుకే యారాడ పెద్దాయన మాటే అడిగాను.

"పీజు ఏసినావా బాబూ?"

వాడు బుర్ర గోక్కున్నాడు. ఇద్దరం సైడు కవరు విప్పాం.