లజ్ పార్కూ, మా పేట నడకబాటా

మైలాపూరులో లజ్ చర్చి రోడ్డున ఉన్న నాగేశ్వరరావు పార్కును చూడని తెలుగువారు చెన్నపట్టణంలో అరుదు. అది ఎవరి పేరో పిల్లలకు విడమరచి చెప్పేవారు అంతకన్న అరుదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ ప్రారంభించారు. 1908లో అక్కడే ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించి, 1914లో మదరాసుకు తెచ్చి దినపత్రిక చేశారు. కోస్తా నాయకులు, రాయలసీమ నాయకులు 1937 నవంబరులో ఒడంబడిక చేసికొన్న శ్రీబాగ్ ఆయన ఇల్లే. మరుసటి యేడు ఆయన కాలం చేశారు. అంతటి దాత పేర నాలుగెకరాల తోట ఒకటి ఈ నగరంలో పచ్చగా నిలిచి ఉండడం మనకు గర్వకారణమే గదా!

గత నెల ఒక ఆదివారం తెల్లవారకముందే మా తెలుగు సంఘం వారము పద్నాలుగుమందిమి బయలుదేరి ఆ పార్కుకు వెళ్ళాము. విహారమన్నది పైకి చెప్పిన మాట. లోపల ఒక పని ఉన్నది. మా పేటలో నడకబాట వేయించడానికి ప్రభుత్వ సహాయం కోరుతూ అర్జీ పెట్టాలా, వద్దా అని సంఘంలో మూడు నెలలుగా వాదులాట జరుగుతున్నది. బాగా ఉన్న బాట ఏదో కళ్ళతో చూచి వచ్చి, ఆ మీదట తేల్చుకొందామని మా అధ్యక్షులవారి ఆలోచన.

ఆరుగంటలకే పార్కు నిండిపోయింది. పెద్ద పెద్ద చెట్లు బాటమీదికి వంగి గొడుగు పట్టినట్లు ఉన్నవి. తలకు మఫ్లరు చుట్టుకొన్న తాతగార్లు, పట్టుచీరె మీదనే బూట్లు తొడుగుకొన్న మామ్మగార్లు, చెవిలో పాట పెట్టుకొన్న కుర్రవాళ్ళు, అందరూ ఒకే బాటమీద చుట్లు తిరుగుతున్నారు. ఒకవైపు షటిల్ ఆట, మరొకవైపు పిల్లల ఉయ్యాలలు. మా వాళ్ళు మాత్రం ఆ సందడి చూడలేదు. ఒకరు బాట వెడల్పు అడుగులతో కొలిచారు. ఒకరు వాననీరు ఎటు పోతుందోనని అంచు వాలు పరీక్షించారు. మోకాళ్ళ నొప్పిగల మా కోశాధికారి బాబాయిగారు బెంచీకీ బెంచీకీ మధ్య దూరం లెక్కపెట్టుకొన్నారు.

ఒక మూల ఆకులు ఊడుస్తున్న తోటపనివానిని పలుకరించాము. “రోజూ చీపురు పడవలె సామీ! వానకాలంలో మూడు దినాలు వదిలితే నాచు పట్టి ఎవరో ఒకరు జారిపడతారు,” అన్నాడు అరవంలో. తక్కిన కొలతలన్నీ కాగితంమీద వ్రాసికొన్నాము. ఈ మాట మాత్రం వ్రాసికోకుండానే అందరికీ గుర్తున్నది.

ఈ పార్కు కార్పొరేషనువారిది. పోషణ మాత్రం చాలాకాలంగా సుందరం ఫైనాన్సు సంస్థ చూస్తూ వచ్చింది. ఆదివారం పొద్దున చిన్నపిల్లలచేత కచేరీలు పెట్టించినదికూడ వారే. బాట వేసే సొమ్ము ఒకసారి దొరికితే చాలు. ఊడ్చే చీపురుకు ప్రతి నెలా ఒక దాత కావాలి. మా పేటకు అటువంటి సంస్థ ఏదీ?

మా పేట సంగతి చెప్పాలి. లే అవుటు వేసినప్పుడు పార్కు కోసమని విడిచిన స్థలం ఒకటి ముళ్ళచెట్లతో పడి ఉన్నది. పెద్దవాళ్ళు నడవాలంటే నీళ్ళ లారీలు తిరిగే రోడ్డే గతి. నిరుడు మా సభ్యులలో ఒకరి తల్లిగారిని వెనుకనుండి వచ్చిన మోటారు సైకిలు పడవేసింది. తుంటి ఎముక విరిగి, ఆమె ఇంకా చేతికర్ర విడువలేదు.

సొమ్ము అడగడానికి మార్గాలున్నవి. పార్లమెంటు సభ్యుల స్థానికాభివృద్ధి నిధి 1993లో మొదలైనది, ఒక్కొక్క సభ్యునికి యేడాదికి 5 కోట్లు. అది కట్టడానికే గాని జీతాలకు కాదు. తరువాత ఎవరు కాపాడతారో ముందుగానే హామీ చూపాలి. రెండవది మన రాష్ట్రపు ‘నమక్కు నామే’ పథకం, అనగా ‘మనకు మనమే’. 1997లో పుట్టినది, 2021లో నగరాలలో మళ్ళీ తెచ్చారు. పార్కులవంటి పనులకు ఖర్చులో మూడవవంతు ప్రజలు వేసికొంటే మిగిలినది ప్రభుత్వం భరిస్తుంది.

మా అంచనా 9 లక్షలు. మా వంతు 3 లక్షలు. సంఘంవద్ద ఉన్నది కల్యాణమండపం నిధి ఒక్కటే, 4 లక్షల పైచిలుకు. అక్కడే చిక్కు వచ్చింది.

“మండపం సొమ్ము ముట్టుకొంటే రేపు మన పిల్లల పెళ్ళిళ్ళు ఎక్కడ చేస్తామమ్మా?” అన్నారు కోశాధికారి.

“మీ మోకాళ్ళకు డాక్టరు నడవమన్నాడు గదా బాబాయిగారూ! ఎక్కడ నడుస్తారు, లారీ కిందనా?” అన్నది చేతికర్రవారి కోడలు. నవ్వుల మధ్య ఆయన సమాధానం ఎవరికీ వినపడలేదు.

పక్కపేట ఉదాహరణ ఆయన పక్షానే ఉన్నది. అక్కడ ఆరేళ్ళక్రితం మంజూరు సొమ్ముతో బాట వేశారు. ఇప్పుడు రాళ్ళు కుంగి, దీపాలు పోయి, రాత్రివేళ ఆడవారు అటు వెళ్ళరు. ప్రారంభోత్సవపు ఫలకం మాత్రం చెక్కుచెదరలేదు!

అమెరికాలో ఉంటున్న మా సభ్యుని కుమార్తె మొన్న సెలవులకు వచ్చి అక్కడి పద్ధతి చెప్పింది. 1991లో వారు విహారపు బాటలకొక చట్టం చేశారట. రోడ్డు దిగి కొండల్లో, బయళ్ళలో తిరిగే బండ్ల పెట్రోలు పన్నులో కొంత భాగం రాష్ట్రాలకు పంచుతారు. కేంద్రం సాధారణంగా నూటికి 80 వరకు ఇస్తుంది. ఉన్న బాటల మరమ్మతుకుకూడ ఆ సొమ్ము చెల్లుతుంది. మిగిలిన వంతులో ఊరివారు పలుగూ పారా పట్టి చేసిన పనిని సైతం వెలకట్టి కలుపుకొంటారు. ఆ సదుపాయం మనకూ ఉంటే మా కుర్రవాళ్ళ చెమట కొంత సొమ్ము అవుతుంది.

గుమాస్తాగిరీలో ఇరవైరెండేళ్ళు గడిపిన మాకు ఫైలు స్వభావం కొంత తెలుసు. పటము, సర్వే నంబరు, ఫోటోలు, ఇంజనీరు అంచనా అన్నీ సరిగా ఉన్నా, బాట వేసిన మరునాటి సంగతి వ్రాయని అర్జీ బలహీనమైనదే. కాబట్టి ఊడ్చేవానికి నెలకు 6,000 ఎట్లా వస్తుందో చివరి పుటలో వ్రాసి జతచేయాలని పట్టుబట్టాము. ఇంటికి నూరు రూపాయలు, అరవై ఇళ్ళు. అరవై సంతకాలు పడిన తరువాతనే మండపం నిధినుండి 3 లక్షలు తీయాలని తీర్మానమైనది. కోశాధికారిగారుకూడ చేయి ఎత్తారు.

ఇప్పటికి 43 ఇళ్ళవారు సంతకాలు చేశారు. తక్కిన ఇళ్ళలో కొన్ని తెలుగువారివి, కొన్ని అరవవారివి. వచ్చే ఆదివారం సాయంత్రం రెండు భాషలలో వ్రాసిన కాగితం పట్టుకొని బయలుదేరుతున్నాము.